పెద్ద కంపెనీల గంజాయి చిన్న రైతు సరుకుకు సాటి వస్తుందా? కోత తర్వాత పది రోజులు చూస్తే తెలుస్తుంది

మీరు అడిగింది ఇదీ: కెనడాలో బ్రాంప్టన్‌లో ఉన్న మీ స్నేహితుడు మైక్రో లైసెన్స్, అంటే చిన్న రైతులకిచ్చే లైసెన్స్, తీసుకుని గంజాయి పెంచబోతున్నాడు, మిమ్మల్ని పెట్టుబడి పెట్టమంటున్నాడు, "పెద్ద కంపెనీలు ఎన్ని మిలియన్లు పోసినా మా క్వాలిటీ రాదు" అంటున్నాడు, ఆ మాట ఎంతవరకు నమ్మొచ్చు, కాలిఫోర్నియా చిన్న రైతుల సంగతేమిటి అని.

నేను ఒంటారియోలో ఏడేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదటి నాలుగేళ్ళు ఒక పెద్ద లైసెన్స్డ్ కంపెనీలో, కోత అయ్యాక జరిగే పని అంతా, అంటే ఆరబెట్టడం, మొగ్గ చుట్టూ ఆకు కత్తిరించే ట్రిమ్మింగ్, ఆరినదాన్ని మూసిన డబ్బాల్లో మాగబెట్టే క్యూరింగ్, ప్యాకింగ్, ఆ తర్వాత క్వాలిటీ విభాగం. గత మూడేళ్ళుగా నార్‌ఫోక్ కౌంటీలో ఒక చిన్న రైతు దగ్గర చేస్తున్నాను. రెండు చోట్లా చేత్తో చేసిన పని కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. పెద్దవాళ్ళు ఆ నాణ్యత తేగలరు, కొందరు తెస్తున్నారు కూడా. ఎక్కువమంది తేలేకపోతున్నారు. ఎందుకు తేలేకపోతున్నారన్నది మాత్రం మీ స్నేహితుడు చెప్పేలా లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పెంపకం సంగతి. చిన్న రైతు మొక్కని ప్రేమగా చూసుకుంటాడు, కంపెనీ మొక్కని నంబర్‌గా చూస్తుంది అని అందరూ అంటారు. వినడానికి బాగుంటుంది కానీ మొక్కకు కావలసింది సరైన వెలుతురు, సరైన తేమ, సరైన ఎరువు, తెగులు లేని వేరు. ఇవన్నీ పెద్ద కంపెనీ దగ్గర మెరుగ్గానే ఉంటాయి. నేను పనిచేసిన చోట ప్రతి గదిలో సెన్సర్లు, కార్బన్ డయాక్సైడ్ కొలత, డ్రిప్పులో వచ్చే నీటి పీహెచ్ రోజుకి రెండుసార్లు రాసే మనిషి, కీటకాలు చూడటానికి ప్రత్యేకంగా ఇద్దరు ఉండేవాళ్ళు. పూత ఎనిమిదో వారంలో ఆ గదిలోకి వెళితే చిన్న రైతు గదికి ఏమాత్రం తీసిపోదు. మొగ్గల మీద మంచు కురిసినట్టు ఉండే జిగురు గ్రంథులు, వాటినే ట్రైకోమ్‌లు అంటారు, భూతద్దంలో చూస్తే పాలరంగులోకి తిరిగి నిండుగా కనిపించేవి. అంటే కోసే రోజు వరకు ఇద్దరూ సమానమే. కొన్నిసార్లు కంపెనీదే పైచేయి.

తేడా కోత తర్వాత వస్తుంది. ఇది నాకు ఇక్కడికి వచ్చాక తెలిసిన విషయం కాదు, చిన్నప్పుడే తెలుసు. మాది ప్రకాశం జిల్లా, వర్జీనియా పొగాకు వేసే ఇల్లు. ఆకు పొలంలో ఎంత బాగా వచ్చినా బ్యారన్‌లో, అంటే ఆకుని వేడి మీద ఆరబెట్టే గదిలో, కాల్చేటప్పుడు తేడా వస్తే సీజనంతా పోయినట్టే. ఆకుని కర్రలకు అల్లి బ్యారన్‌లో ఎక్కించాక మొదటి రెండు రోజులు తక్కువ వేడిలో నెమ్మదిగా పసుపు తిరగనివ్వాలి. తొందరపడి మంట పెంచితే ఆకు పచ్చగా ఉండగానే ఎండిపోతుంది, ఆ పచ్చ ఇక పోదు, వేలంలో గ్రేడు పడిపోతుంది. మా నాన్న రాత్రి రెండింటికి లేచి థర్మామీటర్ చూసుకుని, ఒక ఆకు తీసి ఈనె విరిచి చూసేవాడు. పుటుక్కుమంటే అయిపోయినట్టు, వంగితే ఇంకా పచ్చి ఉన్నట్టు.

గంజాయి పొగాకులా వేడి మీద కాల్చే పంట కాదు, చల్లగా, చీకట్లో, నీడన ఆరాలి. కానీ తొందరపడితే జరిగే నష్టం మాత్రం అచ్చం అదే. సుమారు 15 నుంచి 18 డిగ్రీల చలి, 55 నుంచి 60 శాతం తేమ, మొగ్గలకు నేరుగా తగలని సన్నటి గాలి, ఇలా పది నుంచి పద్నాలుగు రోజులు కొమ్మలు తలకిందులుగా వేలాడాలి. ఆ రోజుల్లో ఆకుపచ్చ పదార్థం నెమ్మదిగా విరుగుతుంది, పచ్చి గడ్డి వాసన పోతుంది. వాసనిచ్చే నూనెలు, టెర్పీన్లంటారు, మొగ్గలోనే నిలుస్తాయి. ఈ టెర్పీన్లు మనకు కొత్తవేమీ కావు. నిమ్మతొక్కలో ఉండేది లిమోనీన్, మిరియాల్లో లవంగాల్లో ఉండేది కారియోఫిలీన్, ధనియాల్లో ఉండేది లినలూల్, మామిడి పండు వాసనలో ఉండే వాటిల్లో ఒకటి మిర్సీన్. వీటిల్లో లిమోనీన్, మిర్సీన్ లాంటి తేలికవి ముందు ఎగిరిపోతాయి, కారియోఫిలీన్ బరువైంది కాబట్టి కాస్త నిలుస్తుంది. కరివేపాకు నీడలో ఆరబెట్టి చూడండి, ఎండలో ఆరబెట్టి చూడండి, రెండూ ఎండిన కరివేపాకే, పోపులో వేస్తే తెలుస్తుంది తేడా.

ఇప్పుడు నేను కళ్ళారా చూసింది చెప్తాను. ఒక జులైలో, దక్షిణ ఒంటారియోలో బయట గాలి నీళ్ళు కారుతున్నట్టు ఉండే వారంలో, మా కంపెనీలో రెండు గదులు ఒకేసారి కోతకొచ్చాయి. అంతకు ముందు గది ఆరు రోజులు లేటైంది, వెనకాల గది కోత తేదీ మాత్రం మారలేదు. ఎందుకంటే ఆ గదిలోకి వెళ్ళాల్సిన తర్వాతి బ్యాచ్ మొక్కలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి, వాటి వెనక ఇంకో బ్యాచ్ ఉంది. ఆరబెట్టే గది ఒక్క కోతకు సరిపడా కట్టింది. రెండూ అందులోనే కుక్కారు. కొమ్మకి కొమ్మకి మధ్య చెయ్యి దూరే సందు లేదు. మధ్యలో ఉన్నవాటికి బూజు పడుతుందన్న భయంతో చలి తగ్గించి 24 డిగ్రీలకు పెట్టి ఫ్యాన్లు పెంచమన్నారు. నాలుగు రోజుల్లో ఎండిపోయింది.

మొదటి రోజు ఆ గది తలుపు తీస్తే నిమ్మతొక్క గిల్లి మొహం మీద పిండినట్టు ఉండేది. ఐదో రోజు తలుపు తీస్తే గడ్డివాము వాసన, దాని అడుగున కాస్త మిరియాల ఘాటు, అంతే. చేత్తో నలిపితే పైన పెళుసుగా పొడి రాలుతోంది, లోపల కాడ దగ్గర ఇంకా పచ్చి. నేను నా సూపర్‌వైజర్‌కి నలిపి చూపించాను. ఆయనకీ తెలుసు, కాదనలేదు. పది రోజుల తర్వాత ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది: మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ 22 శాతం. అంతకు ముందు సరిగ్గా ఆరబెట్టిన అదే రకం బ్యాచ్‌కీ 22 శాతమే. కాగితం మీద రెండూ ఒకటే. ఒకే డబ్బా, ఒకే లేబుల్, ఒకే ధర. ఆ నాలుగు రోజుల్లో పోయినదాన్ని లెక్కపెట్టే గడి ఆ ఫారంలో ఎక్కడా లేదు. నేను ఆ కంపెనీ వదిలేయడానికి అసలు కారణం ఆ రిపోర్టే.

కాబట్టి నా లెక్కలో పెద్ద కంపెనీని దెబ్బ తీసేది దాని సైజు అనడం కంటే దాని క్యాలెండర్ అనాలి. కోత తేదీ, ఆరబెట్టే రోజులు, ప్యాకింగ్ తేదీ అన్నీ మొక్క నాటకముందే షీట్‌లో పడిపోతాయి. మొక్క మాత్రం ఆ షీట్ చూసుకుని పండదు. ఒక రకం 60 రోజులకు వస్తే ఇంకోటి 70 తీసుకుంటుంది, వాన ముసురు వారంలో ఆరడానికి రెండు రోజులు ఎక్కువ పడుతుంది. చిన్న రైతు ఆ రెండు రోజులు ఇవ్వగలడు, ఎందుకంటే వెనకాల ఎదురుచూసే గది లేదు. ఇప్పుడు నేను పనిచేసే రైతు రోజూ పొద్దున్నే ఆరబెట్టే గదిలోకి వెళ్ళి నాలుగు చోట్ల నాలుగు కొమ్మలు వంచి చూస్తాడు. విరగాలి, కానీ నార ఇంకా అంటుకుని ఉండాలి. ఆయన కొమ్మ వంచడం మొదటిసారి చూసినప్పుడు నాకు మా నాన్న ఈనె విరవడమే గుర్తొచ్చింది. నార్‌ఫోక్ కూడా ఒకప్పుడు కెనడాలో పొగాకుకు పేరుపడ్డ ప్రాంతమే. డెల్‌హై అని ఒక ఊరు ఉంది, ఇంగ్లీషులో రాయడం మాత్రం మన ఢిల్లీ లాగే రాస్తారు. దాని చుట్టుపక్కల పాత పొగాకు బ్యారన్లు ఇప్పటికీ రోడ్డు మీద నుంచి కనిపిస్తాయి.

క్యాలెండర్ ఎందుకంత బిగుసుకుపోయిందో అర్థం కావాలంటే 2018 నాటి వేడి తెలియాలి. ఆ ఏడాది అక్టోబర్ 17న కెనడాలో గంజాయి చట్టబద్ధమైంది. దానికి ముందూ వెనకా స్టాక్ మార్కెట్‌లో కంపెనీల విలువ కట్టింది ఎన్ని చదరపు అడుగులు, ఏడాదికి ఎన్ని కిలోలు అన్నదాన్ని బట్టే. ఎడ్మంటన్ ఎయిర్‌పోర్ట్ దగ్గర అరోరా కంపెనీ 8 లక్షల చదరపు అడుగుల్లో అరోరా స్కై కట్టింది, ఏడాదికి లక్ష కిలోలకు పైగా తీస్తామంది. 2022లో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. క్యానపీ గ్రోత్ అనే కంపెనీ బ్రిటిష్ కొలంబియాలో ఆల్డర్‌గ్రోవ్, డెల్టాల్లో ఉన్న సుమారు 30 లక్షల చదరపు అడుగుల గ్రీన్‌హౌస్‌లను 2020లోనే మూసేసింది. ఒంటారియోలో స్మిత్స్ ఫాల్స్ అనే ఊళ్ళో పాత హెర్షీ చాక్లెట్ ఫ్యాక్టరీని అదే కంపెనీ గంజాయి ఫ్యాక్టరీగా మార్చింది, 2023లో అక్కడి నుంచి తప్పుకుంటే హెర్షీ మళ్ళీ కొనుక్కుంది. నాణ్యత ఒక్కటే కారణమని నేను అనను, సరుకు ఎక్కువై ధర పడిపోవడం పెద్ద కారణం. కానీ లోపల పనిచేసినవాడిగా చెప్తున్నాను, కిలోల కోసం కట్టిన బిల్డింగ్‌లో ఆరబెట్టే గది ఎప్పుడూ చివర్లో, మిగిలిన స్థలంలో, మిగిలిన డబ్బుతో కడతారు. మీరు ఏ ప్లాన్ అయినా చూడండి, పెంచే గదులకు ఇచ్చిన చోటుతో పోలిస్తే ఆరబెట్టడానికి ఇచ్చింది ఎంతో లెక్కేయండి.

మరి పెద్దవాళ్ళలో ఎవరు నాణ్యత తెస్తున్నారంటే, పెద్ద బిల్డింగ్‌నే చిన్న చిన్న గదులుగా చీల్చుకున్నవాళ్ళు. ఒక్కో గదికి ఒక్కో రకం, దానికి ఒక బాధ్యుడు, దానికంటూ సొంత ఆరబెట్టే గది, మెషిన్ ట్రిమ్మింగ్ బదులు చేత్తో ట్రిమ్మింగ్. మెషిన్లో మొగ్గలు దొర్లుతుంటే ట్రైకోమ్‌లు రాలి అడుగున పొడిగా పడతాయి. పొడి బరువు చూస్తే పిసరంత, పోయిన వాసన మాత్రం చాలా ఎక్కువ. ఇలా చేస్తే ఖర్చు పెరుగుతుంది. పెరిగిన ఖర్చు రాబట్టుకోవాలంటే నాణ్యతకు ధర పలకాలి, ఇక్కడే అసలు చిక్కు.

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు ఏం చేస్తాడు? టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి కాయ తీస్తాడు, రంగు చూస్తాడు, విరుస్తాడు, తాలు ఎంతుందో చూస్తాడు, అప్పుడు ధర చెప్తాడు. ఇక్కడ షాపుకొచ్చినవాడికి దొరికేది సీలు వేసిన డబ్బా. చాలా చోట్ల వాసన చూసే వీలుండదు. కనిపించేవి రెండే, టీహెచ్‌సీ శాతం, ధర. అందుకే అందరూ ఆ శాతం వెనక పడ్డారు, ఎక్కువ నంబర్ ఇచ్చే ల్యాబ్ కోసం వెతికే కంపెనీలు కూడా తయారయ్యాయి. 28 శాతం ఉండి గడ్డి వాసన కొట్టే సరుకు అల్మారాలో 19 శాతం ఉండి ఘుమఘుమలాడే సరుకుని ఓడిస్తుంది. దీనికి పెద్దవాళ్ళనొక్కళ్ళనే అనడం అన్యాయం. కొనేవాడు చూడలేని దాని మీద ఖర్చు పెట్టమంటే ఎవరు పెడతారు?

ఇప్పుడు మీ స్నేహితుడికి నచ్చని మాటలు.

చిన్నగా ఉన్నంత మాత్రాన నాణ్యత దానంతటది రాదు. నేను చూసిన అతి చెత్త సరుకులో కొంత చిన్న రైతులదే. గ్యారేజీకి కాస్త మెరుగైన షెడ్డులో, తేమ అదుపు చేసే యంత్రం చాలక బూడిద తెగులు పట్టినవి, మొగ్గ లోపల కుళ్ళు మొదలై పైకి కనిపించక ప్యాకింగ్ దాకా వచ్చినవి. సూక్ష్మజీవుల పరీక్షలో ఫెయిలైతే ఆ బ్యాచ్ అమ్మలేరు. దాన్ని దాటించడానికి రేడియేషన్ పెట్టించుకోవడం ఇక్కడ మామూలే, పెద్దాచిన్నా ఇద్దరూ చేస్తారు. ఇంకోటి హాప్ లేటెంట్ వైరాయిడ్, వైరస్ కంటే చిన్నదైన తెగులు కారకం. 2019లో కాలిఫోర్నియాలో గంజాయి మొక్కల్లో దీన్ని గుర్తించారు. పైకి మొక్క బాగానే ఉన్నట్టుంటుంది, పూతకొచ్చేసరికి మొగ్గలు చిన్నవైపోయి జిగురు పట్టదు. ఒకరి దగ్గర్నుంచి తెచ్చుకున్న కొమ్మ కటింగ్‌తో వస్తుంది, కత్తెరతో పాకుతుంది. పెద్ద కంపెనీకి టిష్యూ కల్చర్ ల్యాబ్ ఉంటుంది, తల్లి మొక్కలని పరీక్ష చేయించుకుంటుంది, ఒక గది పోయినా ఇంకో పది ఉంటాయి. చిన్న రైతుకి ఉన్నవే రెండు గదులు. మేము గత ఏడాది ముందరేడు ఒక తల్లి మొక్కతో ఇలాగే దెబ్బతిన్నాం, తెలుసుకునేసరికి దాని పిల్లలు మూడు వరసల్లో ఉన్నాయి, అన్నీ పీకేసి గది కడుక్కుని మొదట్నుంచి పెట్టుకున్నాం. ఆ ఏడాది లాభం అందులోనే పోయింది.

నూనెలు, వేప్ కార్ట్రిడ్జ్‌లు, గమ్మీలు లాంటి వాటిలో అయితే పోటీ మాటే లేదు, పెద్దవాళ్ళదే రాజ్యం. అక్కడ కావలసింది ప్రతిసారీ ఒకేలా రావడం. చిన్న రైతు గెలవగలిగేది ఎండు మొగ్గలో ఒక్కటే.

అందులో కూడా సరుకు రైతు చెయ్యి దాటాక ఏమవుతుందో చూడాలి. పెంపకం లైసెన్స్ ఉంటే పెంచి ఆరబెట్టొచ్చు. డబ్బాల్లో కట్టి షాపులకు చేరే దారి పట్టించాలంటే ప్రాసెసింగ్ లైసెన్స్ ఉండాలి. అది లేనివాళ్ళు సరుకుని ప్రాసెసర్‌కి బల్క్‌గా అమ్ముతారు. పద్నాలుగు రోజులు కంటికి రెప్పలా చూసుకున్నది అక్కడ పెద్ద సంచిలో మూడు నెలలు పడి ఉండొచ్చు. తర్వాత ప్రావిన్స్ (ఇక్కడి రాష్ట్రం) గోడౌన్, తర్వాత షాపు అల్మారా. డబ్బా మీద ప్యాకింగ్ తేదీ ఉంటుంది, కోత తేదీ అందరూ వెయ్యరు. రైతు పేరు మీద నమ్మకంతో కొన్నవాడు తెరిచి ఎండిపోయిన మొగ్గ చూసి రైతునే తిడతాడు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే మా సరుకుకే జరిగింది.

డబ్బు లెక్క కూడా ఒక ముక్క. కేంద్రం వసూలు చేసే ఎక్సైజ్ సుంకం, ప్రావిన్స్ వాటాతో కలిపి, గ్రాముకి 1 డాలర్ లేదా ధరలో 10 శాతం, ఏది ఎక్కువైతే అది. గ్రాము 10 డాలర్లు పలుకుతుందన్న ఊహతో పెట్టిన లెక్క అది. ధరలు పడిపోయాక ఆ డాలర్ చిన్న రైతు నడ్డి విరుస్తోంది. మైక్రో లైసెన్స్‌కి మొదట 200 చదరపు మీటర్ల హద్దు ఉండేది, 2025లో 800కి పెంచారు. మంచిదే, కానీ ఒక్కసారి నాలుగింతలు పెంచుకోవాలని మీ స్నేహితుడు ఆశపడితే పైన చెప్పిన క్యాలెండర్ జబ్బు ఆయనకీ అంటుకుంటుంది. పెంచే స్థలం పెంచినప్పుడల్లా ఆరబెట్టే స్థలం కూడా పెరగాలి, చాలామంది అది మర్చిపోతారు.

కాలిఫోర్నియా చిన్న రైతుల గురించి కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా. హంబోల్ట్, మెండొసినో, ట్రినిటీ కౌంటీల వాళ్ళు దశాబ్దాలుగా కొండల్లో పండించి పేరు తెచ్చుకున్నారు. 2016లో ఓటుతో చట్టం వచ్చినప్పుడు పెద్ద లైసెన్స్‌లు 2023 వరకు ఇచ్చేది లేదన్నారు. తీరా రూల్స్ రాసేటప్పుడు ఒక్కరే ఎన్ని చిన్న లైసెన్స్‌లైనా పేర్చుకునే సందు వదిలేశారు. పెద్దవాళ్ళు ఆ సందులోంచే వచ్చేశారు. నాణ్యతలో ఓడిపోయి మూసేసిన రైతులు తక్కువ, ధరలో ఓడిపోయినవాళ్ళే ఎక్కువ. మన బంగినపల్లి మామిడికి జీఐ ఉన్నట్టు అక్కడ గంజాయికి ఊరిపేరు హక్కు ఇచ్చే ఏర్పాటు చట్టంలో ఉంది, నేలలో నాటి ఎండలో పెంచినదానికి మాత్రమే. నాకైతే చిన్న రైతుకి ఉన్న సరైన దారి అదేననిపిస్తుంది.

చట్టం సంగతి రెండు మాటలు, ఇది తేలిగ్గా తీసుకోకండి. ఇండియాలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి నేరం, ఇక్కడి లైసెన్స్ అక్కడ పనికిరాదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఒప్పుకున్నా కేంద్ర చట్టంలో నేరమే. అక్కడ హెచ్1బీ మీదో గ్రీన్ కార్డ్ మీదో ఉన్న మీ వాళ్ళెవరైనా ఇందులో వాటా పెడదామనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవమనండి. మీరూ అమెరికా ప్రయాణాలు చేసేవాళ్ళైతే సంతకం పెట్టకముందే అడిగి తెలుసుకోండి.

ఇక మీ స్నేహితుడి దగ్గరకు వెళ్ళినప్పుడు పూలగది చూపిస్తే చూడండి, బాగానే ఉంటుంది, అందరిదీ బాగానే ఉంటుంది. ఆరబెట్టే గది చూపించమనండి. కోత మొత్తం ఒకేసారి వేలాడదీస్తే కొమ్మల మధ్య మీ చెయ్యి దూరుతుందా అడగండి. ఆగస్టులో కరెంటు పోతే తేమ ఎలా ఆపుతాడో అడగండి. మొగ్గలో బూజుకి అందే తేమ ఎంతుందో చెప్పే వాటర్ యాక్టివిటీ మీటర్ ఉందా, 0.55కీ 0.65కీ మధ్య వచ్చాకే సీల్ చేస్తాడా అడగండి. తల్లి మొక్కలు ఎక్కడివి, వైరాయిడ్ పరీక్ష కాగితం ఉందా అడగండి. ఎవరు ప్యాక్ చేస్తారు, కోసిన రోజు నుంచి షాపుకి చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో కాగితం మీద రాసిమ్మనండి. తర్వాత ఆరు నెలల క్రితం కోసిన డబ్బా ఒకటి తెరిపించి మీరే వాసన చూడండి. నిమ్మ వాసన వస్తుందో గడ్డి వాసన వస్తుందో చెప్పడానికి మీకు ఈ పనిలో అనుభవం అక్కర్లేదు.